రెమొలీనో: గాలికీ నీటికీ జుట్టుకీ ఒకే మాట ఉంటే తెలుగులో ఏమని రాయాలి?

ప్రశ్న: వంశధార ఒడ్డు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను కొన్నేళ్లుగా ఇంటి దగ్గరే స్పానిష్ నేర్చుకుంటున్నాను. ప్రస్తుతం ఒక చేపలరేవులో జరిగే స్పానిష్ కథను తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నాను. నా స్పానిష్ మీద నాకు ఇంకా పూర్తి ధైర్యం చిక్కలేదు. అందువల్ల ఆ కథకు ఉన్న ఇంగ్లీషు అనువాదాన్ని పక్కన పెట్టుకుని, సందేహం కలిగిన ప్రతి చోటా దానినే ఆధారం చేసుకున్నాను. ఆ అలవాటు వల్లనే ఒక పొరపాటు జరిగింది.

కథలో మూడు సందర్భాలు ఉన్నాయి. ఒక చోట, ఏరు సముద్రంలో కలిసే మలుపులో నీళ్లు తిరిగి, చిన్న పడవ ఒకటి దిక్కు తప్పుతుంది. మరొక చోట, మండుటెండలో ఊరి బయట ఖాళీ నేల మీద దుమ్ము గిరగిరా తిరుగుతూ పైకి లేస్తుంది. చివరన ఒక ముసలమ్మ మనవడి తల నిమురుతూ, నడినెత్తిన జుట్టు చుట్టుకున్న చోటును వేలితో తడిమి చూస్తుంది. ఇంగ్లీషు అనువాదంలో మొదటిది వర్ల్‌పూల్, రెండవది డస్ట్ డెవిల్, మూడవది కౌలిక్ అని ఉన్నాయి. నేను వాటిని వరుసగా సుడిగుండం, దుమ్ముగాలి, ఎగుడు జుట్టు అని రాసుకుని ముందుకు వెళ్లిపోయాను. నెల రోజుల తరువాత మూలాన్ని తీరిగ్గా చదివితే మూడు చోట్లా ఉన్నది ఒక్క మాటే, రెమొలీనో. ఏటిలో తిరిగిన ఆ మాటే బయలులో తిరిగి, చివరకు పసివాడి నెత్తిన నిలుస్తుంది. రచయిత కథను కట్టిన దారం అదే. ఇంగ్లీషులో అది మూడు ముక్కలైంది, నా తెలుగులో పూర్తిగా కనబడకుండా పోయింది.

దీనితోపాటు మరి రెండు సందేహాలు ఉన్నాయి. తొర్బెయీనో అన్న మాటకు కూడా నిఘంటువు సుడిగాలి అనే అర్థమే ఇస్తోంది. మరి రెమొలీనోకూ దానికీ తేడా ఏమిటి? అలాగే 'త్రోంబా దె ఆగ్వా' అన్న చోట నేను 'సముద్రం మీద లేచిన నీటి స్తంభం' అని రాశాను. కానీ ఆ సంఘటన జరిగేది కొండల నడుమ ఉన్న ఊరిలో, సముద్రం దరిదాపుల్లో లేదు. నేను వయసులోనూ చదువులోనూ చిన్నదాన్ని. తెలిసిన పెద్దలు సరిదిద్దగలరని ఆశిస్తున్నాను.

జవాబు: చంపావతి మాస్టారు (విజయనగరం)

అమ్మా, మీరు పడిన ఇబ్బంది మీ ఒక్కరిది కాదు. ఇంగ్లీషు మీదుగా మరో భాషలోకి వెళ్లే మనందరికీ ఇది ఎదురయ్యేదే. ఈ సందర్భంలో మాత్రం తెలుగు స్పానిష్‌కు చాలా దగ్గరగా ఉందని, ఇంగ్లీషే దూరంగా ఉందని నా అభిప్రాయం.

ముందు రెమొలీనో సంగతి చూద్దాం. అందులో మొలీనో అన్న మాట దాగి ఉంది. మొలీనో అంటే పిండి మర. దాని మూలం లాటిన్‌లో తిరగలి రాయికి ఉన్న 'మోలా' అన్న పేరు. మర తిరిగినట్టు గిరగిరా తిరిగేది ఏదైనా రెమొలీనో అవుతుంది. ఆ తిరిగేది నీరా, గాలా, దుమ్మా, వెంట్రుకలా అన్న పట్టింపు ఆ మాటకు లేదు. చిలీ దేశంలో పిల్లలు గాలికి పట్టుకుని పరుగెత్తే కాగితపు గాలిమరను కూడా రెమొలీనో అంటారు. మన తిరగలిలో 'తిరుగు' అన్న క్రియ వినిపిస్తూనే ఉంటుంది కదా. మనవాళ్లు తిరగడం నుంచి తిరగలికి వెళితే, స్పానిష్ వాళ్లు తిరగలి నుంచి తిరగడానికి వచ్చారు. ఇంగ్లీషులో పెద్ద సుడిగుండానికి వాడే మెయిల్‌స్ట్రోమ్ కూడా డచ్చి భాష నుంచి వచ్చిన 'విసిరే ప్రవాహమే', అంటే తిరగలి విసరడం వంటి విసరడమే. నార్వే ఉత్తర తీరాన లోఫోటెన్ దీవుల దగ్గర పోటుపాట్లకు తిరిగే ప్రవాహానికి ఆ పేరు స్థిరపడి, అక్కడి నుంచి సామాన్య నామంగా మారింది.

ఇంగ్లీషు వాడుక వేరు. అది తిరిగే వస్తువును బట్టి పేరు పెడుతుంది. నీరైతే వర్ల్‌పూల్, గాలైతే వర్ల్‌విండ్, వంతెన స్తంభం వెనుక నీరు ఎదురు తిరిగితే ఎడ్డీ, ఎండలో లేచిన దుమ్మైతే డస్ట్ డెవిల్, నెత్తి మీదైతే కౌలిక్, అంటే ఆవు నాకిన చోటు. తిరగడం అన్న ఒక్క చర్య ఇన్ని పేర్ల కింద చెదిరిపోతుంది. మనకు మాత్రం 'సుడి' అన్న రెండక్షరాల మాట ఉంది. నీటిలో సుడి, గాలిలో సుడి, నెత్తిన సుడి. పిల్లవాడికి రెండు సుడులు ఉంటే రెండు పెళ్లిళ్లు అవుతాయని మన ముసలమ్మలు ఇప్పటికీ అంటారు. సంతలో ఎద్దును కొనేవాడు పళ్లతోపాటు ఒంటి మీది సుడులను కూడా చూసి బేరం ఆడతాడు. స్పానిష్ రెమొలీనో కూడా మనిషి జుట్టుకూ పశువు వెంట్రుకలకూ రెండింటికీ చెల్లుతుంది. ఇంత సరిగ్గా అతికే మాట అనువాదకునికి అరుదుగా దొరుకుతుంది. కాబట్టి మూడు చోట్లా 'సుడి' అనే ఉంచండి. గుండం, గాలి వంటి మాటలను అవసరమైన చోట మాత్రమే చేర్చండి. గుండం అంటే లోతు, పడితే తేలని చోటు. మీ కథలో పడవ దిక్కు తప్పిందే గాని మునగలేదు కనుక అక్కడ సుడిగుండం అనడం అతిగా ఉంటుంది. శ్రీకాకుళంలో నాగావళి పాత వంతెన మీద నిలబడి వరద రోజుల్లో స్తంభాల పక్కకు చూడండి, అక్కడ తిరిగే నీళ్లు సుడులే గాని సుడిగుండాలు కావు.

ఇక్కడే ఇంకొక విషయం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. లాటిన్‌లో వర్టెక్స్, వోర్టెక్స్ అన్నవి ఒకే మాటకు రెండు రూపాలు. తిరుగుట అన్న అర్థం గల 'వెర్తెరే' అన్న ధాతువు నుంచి పుట్టిన ఆ మాటకు నీటి సుడి అనీ అర్థం ఉంది, నడినెత్తి అనీ అర్థం ఉంది, ఎందుకంటే జుట్టు సుడి తిరిగేది అక్కడే. తరువాతి కాలంలో సుడి అర్థం వోర్టెక్స్‌కూ, శిఖరం అన్న అర్థం వర్టెక్స్‌కూ పంచుకుపోయాయి. రేఖాగణితంలో మనం శీర్షం అని చదువుకున్నది ఆ వర్టెక్స్‌నే. సంస్కృతంలో నీటి సుడికీ గుర్రం ఒంటి మీది వెంట్రుకల సుడికీ కూడా 'ఆవర్తం' అన్న మాట ఉంది. అందులోని 'వృత్' ధాతువూ లాటిన్ వెర్తెరే కూడా ఒకే తల్లి బిడ్డలు. వర్షాకాలంలో రోజూ వార్తల్లో వినే 'ఉపరితల ఆవర్తనం' ఆ వంశంలోదే. అంటే మీ కథా రచయిత ఏటినీ పసివాడి నెత్తినీ ఒకే మాటతో కలపడం గాలివాటుగా జరిగింది కాదు. ఆ కలయిక లాటిన్‌లోనూ సంస్కృతంలోనూ తెలుగులోనూ ఎప్పటి నుంచో ఉంది.

ఇక తొర్బెయీనో. దీనిని లాటిన్ 'తుర్బో'కు ముడిపెడతారు. తుర్బో అంటే బొంగరం, సుడిగాలి కూడా. జలవిద్యుత్ కేంద్రంలో తిరిగే టర్బైన్‌కు 1822లో ఒక ఫ్రెంచి ఇంజనీరు పేరు పెట్టినది ఈ మాట నుంచే. తొర్బెయీనో ప్రధానంగా గాలికి చెందినది. అందులో వేగం, బలం, కలకలం ఉంటాయి. ఏలీయా ప్రవక్త ఆకాశానికి ఎక్కిపోయిన ఘట్టాన్ని మూడు భాషల బైబిళ్లలో పోల్చి చూస్తే స్పానిష్‌లో తొర్బెయీనో, ఇంగ్లీషులో వర్ల్‌విండ్, తెలుగులో సుడిగాలి ఉంటాయి. ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతాయి. ఇంట్లో క్షణం నిలవని పిల్లను కూడా స్పానిష్‌లో తొర్బెయీనో అంటారు. రెమొలీనోలో ఆ ఉద్ధృతి తప్పనిసరి కాదు, కాఫీ కప్పులో చెంచా తిప్పినా రెమొలీనో ఏర్పడుతుంది.

జవాబు: కళింగపట్నం దీపం

మాస్టారికి నమస్కారం. నేను సరుకు ఓడల మీద చాలా ఏళ్లు పనిచేసి, దక్షిణ అమెరికా రేవుల్లో దిగినప్పుడల్లా అక్కడివారి దగ్గర స్పానిష్ నేర్చుకున్నవాడిని. త్రోంబా గురించి నేను చెప్పగలను, ఎందుకంటే నేనూ ఒకసారి ఈ మాట దగ్గరే తప్పులో కాలేశాను.

త్రోంబా ఇటాలియన్ నుంచి వచ్చిన మాట. అక్కడ దాని అర్థం బాకా. మబ్బు అడుగు నుంచి బాకా గొట్టంలాగా దిగి సముద్రాన్ని తాకే సుడికి ఆ పోలికతో పేరు వచ్చింది. ఇంగ్లీషులో దానిని వాటర్‌స్పౌట్ అంటారు. స్పానిష్‌లో దాని పూర్తి పేరు 'త్రోంబా మరీనా', అంటే సముద్రపు త్రోంబా. అయితే 'త్రోంబా దె ఆగ్వా' అన్నప్పుడు, మాట మాటకూ చూస్తే 'నీటి త్రోంబా' అని కనిపించినా, ఈనాటి వాడుకలో అది సముద్రపు సుడి కాదు. అకస్మాత్తుగా కురిసి వీధులను ముంచెత్తే వాన అది. మన భాషలో కుండపోత. ఇంగ్లీషు వాటర్‌స్పౌట్‌లో కూడా నీరు అన్న మాట ఉంది గనుక, ఇంగ్లీషు నుంచి వెనక్కి నడిచినవారు సహజంగా ఈ గోతిలో పడతారు. నేను ఓడ డెక్కు మీద రేడియోలో త్రోంబా దె ఆగ్వా అన్న మాట విని, సముద్రంలో సుడి దిగుతోందని తోటివారిని కంగారు పెట్టాను. తీరా చూస్తే అది రేవు పట్టణంలో పడబోయే వాన గురించిన హెచ్చరిక. మీ కొండ ఊరి సంఘటనలో కుండపోత అని మార్చేయండి, అనుమానం అక్కరలేదు. జనం ఒక్కుమ్మడిగా ఒక చోటికి దూసుకువస్తే 'త్రోంబాగా వచ్చారు' అనే పలుకుబడి కూడా అక్కడ ఉంది. దానికి గాలితో గాని నీటితో గాని సంబంధం లేదు.

నిజమైన త్రోంబా మరీనాను నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ గాలి పెద్దగా లేదు, ఎండ కాస్తూనే ఉంది. సముద్రం వెచ్చగా ఉన్న చోట గుబురుగా పెరిగిన మబ్బు కింద నుంచి సన్నని తొండం లాంటిది దిగింది. చాలామంది అనుకున్నట్టు అది సముద్రపు నీటిని పీల్చుకుని ఆకాశానికి మోసుకుపోదు. మనకు కనబడే ఆ తొండం గాలిలోని తేమ చల్లబడి ఏర్పడిన సన్నని నీటి బిందువుల వరుస. అడుగున, నీటిని తాకే చోట మాత్రమే సముద్రపు తుంపరలు చెదురుతూ కనిపిస్తాయి. ఈ కారణంగా 'నీటి స్తంభం' అన్న మాట నాకు రుచించదు. 'సముద్రపు సుడి' అనో, కథలో పడవవాళ్లు మాట్లాడుతుంటే 'మబ్బు తొండం' అనో రాస్తే కళ్లకు కట్టినట్టు ఉంటుంది. క్యూబాలో దీనినే 'రాబో దె నూబే' అంటారు, అంటే మబ్బు తోక. కొన్ని చోట్ల చొక్కా చేతి పేరుతో 'మాంగా' అంటారు. బాకా, తోక, చొక్కా చెయ్యి, ఇవన్నీ ఆకారం చూసి పెట్టిన పేర్లే. రెమొలీనో చలనాన్ని చెబుతుంది, త్రోంబా రూపాన్ని చెబుతుంది. తేడాను గుర్తుపెట్టుకోవడానికి నాకు ఈ పోలిక బాగా ఉపయోగపడింది.

ఇంకో మాట కూడా మీకు ఎదురుకావచ్చు, తుర్బ్యోన్. అది మాస్టారు చెప్పిన తుర్బో కుటుంబంలోదే అయినా దాని అర్థం సుడి కాదు, ఈదురుగాలితో కలిసి వచ్చి త్వరగా వెళ్లిపోయే జల్లు. మన గాలివాన దానికి సరిపోతుంది.

జవాబు: ఉద్దానం తోట

పెద్దలు చెప్పినవాటితో ఏకీభవిస్తూనే, ఒక్క చోట నా అభ్యంతరం తెలియజేస్తున్నాను. రెండవ సందర్భంలో 'దుమ్ము సుడి' అని రాయడం నాకు కృతకంగా తోస్తోంది. మా ఊళ్లలో వైశాఖ మాసపు ఎండకు కోసిన చేల మీద లేచి, ఎండుటాకులను తిప్పుకుంటూ పోయేదాన్ని అందరూ సుడిగాలి అనే అంటారు. అందులో దెయ్యం తిరుగుతోందని పిల్లలను పక్కకు లాగుతారు. ఇంగ్లీషువారు కూడా దానిని డెవిల్ అన్నారంటే భయం ఎక్కడైనా ఒక్కటే అనిపిస్తుంది. సుడిగాలి అన్న మాటలో సుడి ఎలాగూ ఉంది గనుక, దారం తెగకుండానే మాట సహజంగా ఉంటుంది. లేదా 'బయలులో గాలి సుడి తిరిగింది' అని క్రియగా మార్చినా సరిపోతుంది. స్పానిష్‌లో ముఖ్యంగా మెక్సికో వైపు దీనికి 'తొల్వానేరా' అన్న ప్రత్యేకమైన మాట ఉంది. ఆ రచయిత తొల్వానేరా అని రాయకుండా రెమొలీనో అని రాశారంటే, కావాలనే ఆ మాటను తిరిగి తెచ్చారని మీరు గట్టిగా నమ్మవచ్చు.

దుమ్ము సుడిని టోర్నడో అనకూడదన్న విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మన పత్రికలు తరచూ ఆ రెంటినీ కలిపేస్తాయి. ఎండకు కాలిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తూ తిరిగితే ఏర్పడేది దుమ్ము సుడి. దానికి మబ్బు అక్కరలేదు, అది కింద నుంచి పైకి పెరుగుతుంది. టోర్నడో ఉరుముల మబ్బు నుంచి నేల దాకా వేలాడే సుడి. ఆ మాట ప్రయాణం కూడా విచిత్రమైనది. స్పానిష్‌లో ఉరుములతో కూడిన గాలివానను 'త్రొనాదా' అంటారు. దానిని ఇంగ్లీషు నావికులు పదహారవ శతాబ్దిలో తమకు తోచినట్టు పలికారు. ఆపై స్పానిష్‌లోనే తిరుగుట అన్న అర్థం గల 'తొర్నార్' ప్రభావంతో అది టోర్నడోగా మారింది. అలా రూపం మార్చుకున్న మాటను స్పానిష్‌వారు మళ్లీ ఇంగ్లీషు నుంచి 'తొర్నాదో' అని తెచ్చుకున్నారు. ఉరుము పోయి సుడి మిగిలింది. పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్లిన పిల్ల పేరు మార్చుకుని తిరిగి వచ్చినట్టు ఉంది.

హరికేన్ అయితే కరీబియన్ దీవుల తైనో ప్రజల మాట. స్పానిష్‌వారు దానిని 'ఉరకాన్' అని తీసుకుంటే ఇంగ్లీషువారు వారి దగ్గర నుంచి తీసుకున్నారు. సైక్లోన్ మాత్రం మన సముద్రానికి చెందినది. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్, 1848లో వెలువడిన తన నావికుల పుస్తకంలో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. పాము చుట్ట అన్న అర్థం వచ్చే గ్రీకు మాట దానికి ఆధారం. స్పానిష్ 'సిక్లోన్' ఇంగ్లీషు నుంచే వెళ్లింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు మా తోటలోని కొబ్బరి చెట్లు నాలుగు దిక్కులకూ మెలి తిరిగి పడ్డాయి. గాలి మొదట ఒక వైపు నుంచి వీచి, తరువాత మరొక వైపు నుంచి వచ్చింది. ఆ రోజు తరువాత పాము చుట్ట అన్న అర్థం చదివినప్పుడు ఆ పేరు పెట్టిన మనిషికి ఈ గాలి ఎంత బాగా తెలుసో నాకు అర్థమైంది.

మన 'వాయుగుండం' కూడా గమనించదగిన మాట. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. ఇంగ్లీషులో వాయుగుండాన్ని డిప్రెషన్ అనీ, స్పానిష్‌లో దెప్రెసియోన్ అనీ అంటారు. ఆ రెంటిలోనూ పీడనం తగ్గడమే ఉంది, సుడి కనబడదు. సుడిగుండానికి జతగా వాయుగుండం అని పేరు పెట్టిన తెలుగువారెవరో గాలిలోని ఆ గుండాన్ని చూశారు.

ప్రశ్న అడిగినవారు: వంశధార ఒడ్డు

ముగ్గురికీ మనఃపూర్వకంగా కృతజ్ఞతలు. నిన్న రాత్రి కూర్చుని మూడు వాక్యాలనూ తిరగరాశాను. 'మలుపు దగ్గర నీళ్లు సుడి తిరిగి పడవ ముక్కు ఎటో మళ్లింది.' 'బయలులో గాలి సుడి తిరిగి దుమ్ము లేచింది.' 'ముసలమ్మ వేలు వాడి నెత్తి మీది సుడి దగ్గర ఆగింది.' మూడవది రాసినప్పుడు మొదటి రెండూ దానంతట అవే గుర్తుకు వచ్చాయి. ఉద్దానం తోట గారు సూచించినట్టు క్రియగా మార్చడం వల్లనే ఇది కుదిరింది. కొండ ఊరిలో కుండపోత పెట్టాను. కథలో జనం రేవులో చేరే చోట రెమొలీనో నుంచి పుట్టిన 'ఆర్రెమొలినార్సే' అన్న క్రియ ఉంది. దానికి మాత్రం 'మూగారు' అని రాశాను, అక్కడ సుడిని బలవంతంగా తెస్తే తెలుగు చెడుతుందనిపించింది.

చివరి సందేహం ఒకటే. కథ ముగింపులో, అప్పులూ తగాదాలూ చుట్టుముట్టిన ఇంటి గురించి 'బొరాహినే' అన్న మాట వస్తుంది. ఇంగ్లీషులో వోర్టెక్స్ అని ఉంది. అక్కడ కూడా సుడి అనవచ్చా?

జవాబు: చంపావతి మాస్టారు (విజయనగరం)

అమ్మా, మూగారు అన్నది సరైన నిర్ణయం. ఇంగ్లీషులో గుంపు మెసలడానికి మర అన్న అర్థం గల 'మిల్' అన్న క్రియనే వాడతారు గనుక అక్కడ పోలిక నిలిచేది. మనకు మూగడమే సహజం.

బొరాహినేకు సుడి చాలదు. దాని మూలమైన లాటిన్ క్రియ 'వొరారే'కు మింగడం అని అర్థం. ఆకలి తీరని జంతువును ఇంగ్లీషులో వొరేషస్ అనేది అదే క్రియ నుంచి. వోర్టెక్స్ తిరగడాన్ని చెబుతుంది గాని మింగడాన్ని చెప్పదు, కాబట్టి ఆ ఇంగ్లీషు మాట ఇక్కడ సగమే. పైగా మన తెలుగులో సుడి అంటే అదృష్టం అన్న అర్థం కూడా ఉంది. ఫలానావాడికి సుడి ఉందంటే మెచ్చుకోలు. అప్పుల్లో మునిగిన ఇంటికి ఆ మాట వాడితే చదువరి తికమకపడతాడు. మీరు మొదట నీటికి వాడి తీసేసిన 'సుడిగుండం' ఉంది చూశారా, దానిని ఇక్కడికి తీసుకురండి.